గోరు దిగని సీసం

కోల్డ్ ఫోర్క్, మోంటానా
11 మే 1975

ఆర్నె అన్నకు,

1921 అక్టోబరులో ఒక ఆదివారం, మన గుర్రపుశాల గుమ్మంలో నిలబడి నువ్వు నాకొక మాట ఇచ్చావు. "వచ్చే ఆదివారం నువ్వు ఇంటికి వచ్చాకే సీసం కుండ పొయ్యి మీద పెడతాం. గరిటె నీ చేతికే ఇస్తా, సరేనా?" అన్నావు. నాకు పదహారు నిండాయి. మన ఇంట్లో పదహారు నిండినవాడు నాన్న రైఫిలుకు గుండ్లు పోత పోయాలి, ఆ ఏడు వేటకు వెళ్లాలి. నీకు అలాగే జరిగింది.

అచ్చాఫీసులో ఆరు రోజులు పనిచేసి, పదకొండు మైళ్లు నడిచి, నేను ఆ ఆదివారం వచ్చేసరికి కుండ చల్లగా ఉంది. గుండ్లన్నీ నువ్వే ముందురోజు పోసేశావు. నువ్వూ నాన్నా తెల్లవారకముందే జీనుగట్టు కొండ ఎక్కేశారు. ఇద్దరు వెళ్లారు, ఒక్కడు దిగి వచ్చాడు. మిగతాది నీకు గుర్తుచేయాల్సిన పని లేదు.

ఈ ఉత్తరం దాని గురించి కాదు. యాభై నాలుగేళ్లలో నీకు రెండే ఉత్తరాలు రాశాను. ఒకటి అమ్మ పోయినప్పుడు, రెండోది ఈ ఫిబ్రవరిలో మన చెల్లెలు రాగ్నా పోయినప్పుడు. రెండుసార్లూ పూలు పంపావు. చెల్లెలికి పూలు అక్కర్లేదు, అన్న కావాలి. సరే, అదీ వదిలెయ్.

రాగ్నా మంచం కింద పొడుగు పెట్టెలో నాన్న రైఫిల్ దొరికింది. నూనె గుడ్డలో చుట్టి పెట్టింది, పిచ్చిపిల్ల. దాంతోపాటు అప్పటి తూటాలు ఏడు, పచ్చగా చిలుము పట్టినవి. టైర్ల దుకాణం నడిపే వెర్న్ స్టకీకి తుపాకుల పిచ్చి. వాడు చూసి, "పెద్దాయనా, వీటిని పేల్చావంటే దుప్పి కాదు, నువ్వు పడతావు. ఈ కొలత తూటాలు అమ్మడం మానేసి చాలా కాలమైంది. గుండ్లు నువ్వే పోసుకురా, మందు కూరి పెట్టే పూచీ నాది" అన్నాడు.

గుండ్లు పోయాలంటే మూస కావాలి. అది నీ దగ్గరుంది. ఆ డిసెంబరులో ఇల్లు వదిలిపోయినప్పుడు నీ సంచిలో రెండు చొక్కాలూ నాన్న మూసా ఉన్నాయని అమ్మ చెప్పింది. చొక్కాలు నీవే. మూస పంపు.

ఈ అక్టోబరులో నాన్న రైఫిలుతో జీనుగట్టు ఎక్కి ఒక ఎల్క్ దుప్పిని కొట్టాలి. నాకు డెబ్బై. కుడికన్ను ఇంకా పనిచేస్తోంది, ఎన్నాళ్లు చేస్తుందో తెలియదు. నాకు రావలసింది అదొక్కటే మిగిలింది.

హాల్వర్ ట్వెయిట్


ఆస్టోరియా, ఆరెగాన్
24 మే 1975

తమ్ముడు హాల్వర్‌కు,

నీ ఉత్తరం అందింది. మూస పంపుతున్నాను. తుప్పు లేదు, ఏటా నూనె రాస్తున్నాను. ఇల్లు వదిలాక దీంతో నేను ఒక్క గుండూ పోయలేదు. మా చేపల వలలకు సీసం బరువులు పోయడానికి వేరే మూసలున్నాయి. నలభై ఏళ్లు అదే పని చేశాను కాబట్టి సీసం గురించి రెండు ముక్కలు చెబుతాను.

మెత్తని సీసం వాడు. పాత నీటిగొట్టాలది మంచిది. గోరుతో గీస్తే గీత పడాలి. పడకపోతే వాడకు. కిటికీలు తెరిచి పెట్టు. ఆ చేతులతో ఏమీ తినకు.

డెబ్బై ఏళ్లకు జీనుగట్టు ఎందుకురా? కిందే నది ఒడ్డున దుప్పులు దిగుతాయి కదా.

పొగబెట్టిన సాల్మన్ ఒక డబ్బా కూడా పెట్టాను.

ఆర్నె


కోల్డ్ ఫోర్క్
20 జూన్ 1975

ఆర్నె అన్నకు,

మూస అందింది. చేప ఉప్పుకషాయం.

నీ దస్తూరీ కోడి గీరినట్టుంది. యాభై ఒక్కేళ్లు ఊళ్లో అందరి రాతలూ చదివి అక్షరాలు పేర్చినవాణ్ని కాబట్టి నీది అర్థం చేసుకున్నాను. పాస్టర్ దస్తూరీ ఒక్కటే నీకంటే ఘోరంగా ఉండేది. ఆ పాస్టరే నాన్న సమాధి దగ్గర నిలబడి "దేవుడి చిత్తం" అన్నాడు. తరవాత ముప్పై ఏళ్లు ఆయన ప్రసంగాలు మా వారపత్రికలో వచ్చినప్పుడల్లా ఎక్కడో ఒకచోట 'చిత్తం' అన్న మాట ఎగరగొట్టేవాణ్ని. ఒక్కసారీ కనిపెట్టలేదు. తన ప్రసంగం తనే చదువుకోడని తేలింది.

ఇక అసలు సంగతి. గుండ్లు రావడం లేదు.

పాత హోటల్ పడగొట్టినచోట వెర్న్ నీటిగొట్టాల సీసం తెచ్చిచ్చాడు. వెనక వసారాలో గ్యాసు పొయ్యి మీద ఇనప కుండ పెట్టాను. కరిగింది. చూడటానికి పాదరసంలా బాగానే ఉంది. గరిటెతో మూసలో పోశాను. తెరిస్తే ముడతలు! మా పాస్టరమ్మ మెడలాగా. ఇరవై పోశాను, ఇరవైకీ ముడతలే. ఒకదానికి అడుగు లేదు, ఒకదానికి నడుము లేదు. వెర్న్ వచ్చి చేతిలోకి తీసుకుని, "ఎండుద్రాక్ష పోశావేంటి పెద్దాయనా? కేకులో వేసుకుందామా?" అన్నాడు.

తెట్టు తీయడానికి తేనెమైనం వేయమన్నాడు. వేశాను. మంట మొహం దాకా లేచి కనుబొమ్మ ఒకటి పోయింది. ఆ ఉక్కలో నుదుటి మీంచి ఒక్క చెమటచుక్క కుండలో పడింది. ఒక్కటే చుక్క. ఢాం! కుండలో సగం సీసం వసారా కప్పుకు అంటుకుంది. నేను చదువుకునే కళ్లజోడు పెట్టుకుని ఉండబట్టి కన్ను దక్కింది, అద్దం మీద ఇప్పటికీ వెండి మచ్చ ఉంది. దాంతోనే నీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. పేజీకి ఒక మూల ఎప్పుడూ చంద్రుడు కనిపిస్తున్నాడు.

ఇవన్నీ పదహారో ఏట నేర్చుకోవలసినవి. గరిటె పట్టుకునే చేతి పక్కన ఇంకో చెయ్యి ఉండవలసింది. నాకు లేకపోయింది. ఎందుకు లేకపోయిందో నీకు తెలుసు.

ముడతలు ఎందుకు వస్తున్నాయి? జవాబు రాయి. నేను కుదురుగా ఉండలేకపోతున్నాను. పుస్తకం తెరిస్తే రెండు పేజీలకే వసారాలోకి వెళ్లి ఆ మూస మూసి, తెరిచి, మళ్లీ మూస్తున్నాను.

హాల్వర్


ఆస్టోరియా
2 జూలై 1975

తమ్ముడూ,

కన్ను దక్కింది కాబట్టి నవ్వాను. లేకపోతే నవ్వేవాణ్ని కాదు. తలకు గుడ్డ కట్టుకో. పొడుగు చేతుల చొక్కా వేసుకో. పక్కన నీళ్ల గ్లాసు ఉంచకు.

నీ మూస చల్లగా ఉంది. ముడతలకు కారణం అదే. మూస కొసను కరిగిన సీసంలో కాసేపు ఉంచి వేడెక్కనివ్వు. మొదటి పది గుండ్లు ఎలాగూ పాడే, తిరిగి కుండలో వేసెయ్. నేను నూనె రాసి పంపాను కదా, ఆ నూనె తుడిచావా? నూనె ఉన్నా ముడతలే. మెత్తని సీసం అంత సులువుగా లొంగదు. కాస్త ముడత ఉన్నా నష్టం లేదు. దుప్పి ముడతలు చూడదు.

నాన్న గుండ్లు కూడా అందంగా ఉండేవి కాదు. నువ్వు వాటిని దగ్గరగా చూసి ఉండవు.

ఏ సీసం వాడుతున్నావో మళ్లీ రాయి. గొట్టాల సీసమే కదా? వేరేది ఏదీ కలపడం లేదు కదా?

దస్తూరీ సంగతి: చేతులు వణుకుతున్నాయి. రెండేళ్లయింది.

ఆర్నె


కోల్డ్ ఫోర్క్
9 ఆగస్టు 1975

అన్నయ్యా,

అయిపోయింది! ఇన్నాళ్లూ నీ మెత్తని సీసంతో కుస్తీ పట్టి చేతులు కాల్చుకున్నాను. చివరికి నా బుర్ర నాకే పనికొచ్చింది.

మూడేళ్ల కిందట మా పత్రిక యజమాని కొడుకు, పట్నంలో చదివి వచ్చిన దొర, లోహం కరిగించి అక్షరాలు పోసే లైనోటైప్ యంత్రాన్ని పాతసామానుకు అమ్మేసి ఫొటోలతో అచ్చువేసే కొత్త యంత్రం తెచ్చాడు. నన్ను గదిలోకి పిలిచి, "హాల్వర్, నీకు జ్ఞాపకంగా ఏం కావాలో అడుగు" అన్నాడు. "నా ఉద్యోగం" అన్నాను. నవ్వాడు. జోకు అనుకున్నాడు. చివరికి అక్షరాలు పోతపోసే లోహం మూడు వందల పౌండ్లు, కడ్డీలుగా, నా షెడ్డులో పడేయించాడు. యాభై ఒక్కేళ్లకు అదీ బహుమతి. మూడేళ్లుగా దాన్ని తన్నుకుంటూ నడుస్తున్నాను.

మొన్న వాటిలో నాలుగు కడ్డీలు కుండలో వేశాను. చూడాలి నువ్వు! నీళ్లలా పారింది. మూస తెరిస్తే ప్రతి గీతా, ప్రతి అంచూ కత్తిలా దిగింది. ఒక్క ముడత లేదు. అద్దంలా మెరుస్తున్నాయి, మొహం చూసుకోవచ్చు. అసలు ఆ లోహాన్ని చేసిందే అందుకు కదా, సూది మొనంత అక్షరం కూడా మూసలో నిండుగా రావాలని. నూట ఇరవై పోశాను. వంటగది బల్ల మీద సైనికుల్లా నిలబెట్టాను. పొద్దున లేవగానే వాటినే చూస్తున్నాను.

వెర్న్ ఒకటి తీసి బల్లకేసి కొట్టి, "గట్టిగా ఉంది పెద్దాయనా, కాగితం లక్ష్యాలకు భేషుగ్గా ఉంటుంది" అని ఇంకేదో నసిగాడు. వాడి నసుగుడు నేను పట్టించుకోలేదు. మూడు డజన్లు మందు కూరి ఇచ్చాడు. వంద గజాల్లో అట్టపెట్టెకు అయిదు గుండ్లు ఒక అరచేతిలో పట్టేలా తగిలాయి. డెబ్బై ఏళ్ల కన్ను!

అక్టోబరు 19న వేట మొదలు. ఒక్కణ్నే వెళ్తాను. నాన్న దొరికిన చోటుదాకా వెళ్లి వస్తాను.

ఇప్పుడు చెప్పు, సీసంలో నలభై ఏళ్లు బతికినవాడివి కదా, నీ జన్మలో ఇంత అందమైన గుండ్లు పోశావా?

హాల్వర్


ఆస్టోరియా
15 ఆగస్టు 1975

హాల్వర్,

పోశాను. ఒక్కసారి.

ఆ గుండ్లు కరిగించెయ్. ఆ లోహం తీసి నదిలో పడెయ్. వాటితో కొండ ఎక్కకు. కారణం అడగకు. పెద్దవాణ్ని చెబుతున్నాను, విను.

ఆర్నె


కోల్డ్ ఫోర్క్
30 ఆగస్టు 1975

ఆర్నె ట్వెయిట్ గారికి,

కారణం అడగకూడదట! పెద్దవాడట! పెద్దరికం నువ్వు ఎక్కడ పారేసుకున్నావో చెప్పమంటావా? జీనుగట్టు మీద, మంచులో, నాన్న పక్కన పారేసుకున్నావు.

నీకు మొదటినుంచీ నేను కుండ దగ్గరికి రావడం ఇష్టం లేదు. అప్పుడు మాట ఇచ్చి నన్ను రాకుండా చేశావు. ఇప్పుడు నా అంతట నేను నేర్చుకుంటే అదీ ఓర్చుకోలేకపోతున్నావు. నా గుండ్లు నీకంటే బాగా వచ్చాయి, అదీ నీ బాధ.

నీకొక సంగతి ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. ఆ నాలుగు రోజులూ ఊరంతా కొండ వెతుకుతుంటే నేను కొట్టంలో నీ జీను పక్కన కూర్చున్నాను. జీను ఉంది, గుర్రం ఉంది, నువ్వున్నావు. నాన్న లేడు. ఆయన ఒంటరిగా గాయపడ్డ దుప్పి వెంట వెళ్తుంటే నువ్వెలా దిగి రాగలిగావు? గాయపడ్డ జంతువును వదిలేసి రాకూడదని ఈ లోయలో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. తండ్రిని మాత్రం వదిలేసి రావచ్చా? ఆనాడు గుమ్మంలో ఇదే అడిగాను. నీ కోటు పట్టుకుని ఊపి మరీ అడిగాను. నువ్వు నోరు విప్పలేదు. నోరు విప్పకపోవడం కంటే నేరం ఒప్పుకోవడం ఉంటుందా?

నువ్వు ఊరు వదిలిపోయాక నీ పేరు ఎవరైనా ఎత్తితే నేను లేచి వెళ్లిపోయేవాణ్ని. యాభై నాలుగేళ్లు.

పందొమ్మిదిన వెళ్తున్నాను. నా గుండ్లతోనే వెళ్తున్నాను.

హా. ట్వెయిట్


ఆస్టోరియా
10 సెప్టెంబరు 1975

హాల్వర్,

ఇది రాయడానికి వారం పట్టింది. కొంత చేతుల వల్ల, కొంత ఇంకోదాని వల్ల. నేను చచ్చిపోయేదాకా రాయకూడదనే అనుకున్నాను. నువ్వు కొండ ఎక్కుతానంటున్నావు కాబట్టి రాస్తున్నాను.

ఆ శనివారం ఉదయం ఉత్తరపు గాలి తిరిగింది. సోమవారానికి మంచు పడుతుందని నాన్న అన్నాడు. "రేపే ఎక్కాలి. ఇవాళే గుండ్లు పోసెయ్. నేను గుర్రానికి లాడాలు కొట్టాలి" అన్నాడు. "హాల్వర్‌కు మాటిచ్చాను నాన్నా, రేపు వస్తాడు" అన్నాను. "వచ్చే ఏడు పోస్తాడులే, వాడెక్కడికి పోతాడు" అన్నాడు. నేను ఇంకొక్క మాట అని ఉండవచ్చు. అనలేదు. ఒక్కణ్నే గుండ్లు పోయాలని నాకూ ఉబలాటంగా ఉంది. అంతవరకు నాన్న పక్కన లేకుండా నేను ఎప్పుడూ పోయలేదు. మొదటిసారి. ఆ తప్పు నాది.

బకెట్లో ఉన్న సీసమంతా కుండలో వేశాను. గుండ్లు అద్దంలా వచ్చాయి. నా చేతి పనితనం అనుకున్నాను. బల్ల మీద నిలబెట్టి నాన్నను పిలిచి చూపించాను. ఆయన లాడం పట్టుకునే వచ్చి దూరంనుంచి చూసి, "ఓహో, పెళ్లికొడుకుల్లా ఉన్నాయే" అని వెళ్లిపోయాడు. చేతిలోకి తీసుకోలేదు. తీసుకుని ఉంటే గోరుతో గీసేవాడు.

మధ్యాహ్నానికి దుప్పి కనిపించింది. నాన్న భుజం వెనక కొట్టాడు, తప్పలేదు. అది ఉలిక్కిపడి పరుగెత్తింది. గట్టు దాటాక మళ్లీ కొట్టాడు. మళ్లీ తగిలింది. పడలేదు. మూడోది కూడా. నాన్న నాకేసి చూసి, "ఇది దుప్పా, దెయ్యమా?" అన్నాడు. మంచు మొదలైంది. నెత్తురు చుక్కలు చుక్కలుగా తప్ప పడటం లేదు. "నాన్నా, దిగిపోదాం" అన్నాను. "నా గుండు తిన్న జంతువును ఇలా వదిలి రాలేను. నువ్వెళ్లి గుర్రాన్ని తీసుకురా, తాడు తీసుకురా. ఇది ఎక్కువ దూరం పోదు" అన్నాడు. రెండుసార్లు కాదన్నాను. మూడోసారి అరిచాడు. వెళ్లాను. గుర్రంతో తిరిగి వచ్చేసరికి అడుగుల మీద మోకాటిలోతు మంచు ఉంది. కేకలు వేస్తూనే ఉన్నాను, గొంతు పోయేదాకా.

నాలుగో రోజు నాన్న దొరికాడు. ఎనభై అడుగుల అవతల దుప్పి దొరికింది. అందరూ నాన్నను దించుతుంటే నేను దుప్పి దగ్గరికి వెళ్లాను. లోపలికి మూడు రంధ్రాలు, బయటికి మూడు రంధ్రాలు. ఆరూ పెన్సిల్ పట్టేంతే. మెత్తని సీసం లోపల పువ్వులా విచ్చుకోవాలి, జంతువును అక్కడే పడగొట్టాలి. ఇవి సూదుల్లా దూసుకుపోయాయి. ఆ జంతువు తనకేమైందో తెలియకుండానే రెండు గట్లు నడిచింది. నాన్న దాని వెంట నడిచాడు.

జేబులో మిగిలిన తూటా తీసి గోరుతో గీశాను. దిగలేదు. ఆ లోహం మన ఊళ్లో ఒక్కచోటే ఉంటుంది.

ఇంటికి వచ్చాను. నువ్వు గుమ్మంలో నా కోటు పట్టుకుని అడిగావు. చెప్పబోయాను. నీ వేళ్ల సందుల్లో అచ్చుసిరా కనిపించింది. పదహారేళ్ల వాడివి. నోరు రాలేదు.

మూస అందుకే తీసుకెళ్లాను. అది ఇంట్లో ఉంటే నువ్వు ఏదో ఒక రోజు గుండ్లు పోస్తావు, మెత్తనిదీ గట్టిదీ పక్కపక్కన పెట్టి చూస్తావు, తెలుసుకుంటావు. ఈ వయసులో అడిగావని కాదనలేకపోయాను. మెత్తనిది వాడమంటే చాలనుకున్నాను. నీ సంగతి మరిచిపోయాను.

కొండకు వెళ్లాలంటే వెళ్లు. ఆ గుండ్లతో వద్దు. నువ్వు కూడా గాయపడ్డ జంతువును వదిలి వచ్చే రకం కాదు.

ఆర్నె


ఆస్టోరియా
14 అక్టోబరు 1975

హాల్వర్,

నెల దాటింది, జవాబు లేదు. పందొమ్మిది వచ్చేస్తోంది. తిట్టు, పరవాలేదు. ఒక్క కార్డు ముక్క రాయి. నిన్న టెలిఫోన్ చేయించాను, మోగుతూనే ఉంది. ఎవరూ తీయలేదు.

ఆర్నె


కోల్డ్ ఫోర్క్
2 నవంబరు 1975

అన్నయ్యా,

టెలిఫోన్ మోగినప్పుడు నేను వసారాలో ఉన్నాను. మూస నిండా సీసం ఉంది, వదిలి రాలేకపోయాను. అది అబద్ధం. వినిపించింది, తీయలేదు.

నీ ఉత్తరం చదివాక రాగ్నా పెట్టెలోని ఏడు తూటాలు తెచ్చాను. చిలుము తుడిచి ఒకదాని గుండును గోరుతో గీశాను. దిగలేదు. గొట్టాల సీసపు గుండును బల్ల మీద వేశాను, తడిసిన మట్టిలా ధబ్బుమంది. పాత తూటా గుండు ఊడదీసి వేశాను, గంట కొట్టినట్టు మోగింది. నేను పోసిన అందగాళ్లలో ఒకణ్ని వేశాను, అదే మోత. ఏడూ అంతే. వెర్న్ తక్కెడలో తూచాను, పాతదీ అందగాడూ ఒకే బరువు, మెత్తనిది ఎక్కువ. అది చాలదన్నట్టు వెర్న్‌ను అడిగాను: "ఆ రోజు ఏం నసిగావురా?" వాడు తల గోక్కుని, "దుప్పికి మాత్రం పనికిరాదు పెద్దాయనా అన్నా. నువ్వు వినలేదు" అన్నాడు.

ఇప్పుడు నేను చెప్పవలసింది చెబుతాను. ఇన్నేళ్లూ మరిచిపోయానని అనుకోవద్దు. గుర్తుంది. దానికీ నాన్నకూ సంబంధం ఉందని మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

అచ్చాఫీసులో విరిగిన అక్షరాలు వేసే డబ్బా ఒకటి ఉండేది. శనివారాల్లో వాటిని కరిగించి కడ్డీలు పోయడం నా పని. ఆ వారం నాలుగు కడ్డీలు భోజనం డబ్బాలో దాచి తెచ్చాను. నువ్వు గుర్రపుశాలలో మాట ఇచ్చావే, ఆ మధ్యాహ్నమే వాటిని నాన్న సీసం బకెట్లో అడుగున పెట్టాను. దొంగతనమే. కాని వట్టి చేతులతో కుండ దగ్గరికి రాకూడదనుకున్నాను. వచ్చే ఆదివారం గరిటె నా చేతికి ఇచ్చినప్పుడు, "అడుగున చూడండి, నా వంతు కూడా ఉంది" అందామనుకున్నాను. వారమంతా ఆ మాటే నేర్చుకున్నాను. ఎలా అనాలో, ఏ మొహం పెట్టాలో. అన్నానంటే నాన్న ఒక కడ్డీ తీసి, గోరుతో గీసి, "ఇది మీ అక్షరాలకు, దుప్పికి కాదురా" అని నవ్వి పక్కన పడేసేవాడు. అంతటితో అయిపోయేది.

నాన్న నవ్వడం వినడానికి నేను అక్కడ లేను. నన్ను రానిచ్చి ఉండాల్సింది.

పందొమ్మిదిన కొండ ఎక్కలేదు. మొదట అందగాళ్లందరినీ కరిగించాను, వెర్న్ మందు కూరిన తూటాల్లోవి కూడా ఊడదీయించి. వాటిని కడ్డీలు పోసి యజమాని కొడుకు ఆఫీసు మెట్ల మీద పెట్టి వచ్చాను, చీటీ లేకుండా. తరవాత గొట్టాల సీసంతో మళ్లీ మొదలుపెట్టాను. మూస కొస కుండలో ముంచి వేడి చేశాను. నూనె తుడిచాను. తలకు గుడ్డ కట్టుకున్నాను. ముడతలు వచ్చాయి, తిరిగి వేశాను, మళ్లీ వచ్చాయి. మూడో రోజుకు పదకొండు గుండ్లు పనికొచ్చాయి. అందం లేదు. గోరు దిగుతుంది.

ఇరవయ్యారున ఎక్కాను. ఒక్కణ్నే వెళ్లనివ్వలేదు, వెర్న్ గుర్రాన్ని పట్టుకుని వెనకాలే వచ్చాడు. దారంతా వాగుడే. "పెద్దాయనా, నువ్వు పడిపోతే నిన్ను మోయాలా, దుప్పిని మోయాలా? ముందే చెప్పు, గుర్రం ఒకటే ఉంది." నాన్న దొరికిన చోటు నేను అనుకున్నట్టు లేదు. ఒక పడిపోయిన ఫర్ చెట్టూ, గడ్డీ. టోపీ తీసి నిలబడ్డాను. ఏమీ తోచలేదు. పాస్టర్ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను.

దిగుతుంటే ఆస్పెన్ చెట్ల అంచున ఆడ ఎల్క్ ఒకటి అడ్డంగా నిలబడింది. డెబ్బై గజాలు. చేతులు వణికాయి, నీకొక్కడికే వణుకుతాయనుకోకు. చెట్టుకు ఆనించి కొట్టాను. అది తొమ్మిది అడుగులు నడిచింది. లెక్కపెట్టాను. పదో అడుగు వేయలేదు, అక్కడే కూలింది. వెనకాల నేను నడవాల్సింది ఏమీ లేకపోయింది. ఆ తొమ్మిది అడుగులు చూసి అక్కడే కూర్చుని ఏడ్చాను. వెర్న్ గుర్రం మెడ నిమురుతూ నిలబడ్డాడు.

గుండు అవతలి చర్మం కింద దొరికింది. ఈ ఉత్తరంతోపాటు అగ్గిపెట్టెలో పంపుతున్నాను, చూడు. కోటు బొత్తామంత విచ్చుకుంది. గోరుతో గీయి. దిగుతుంది.

మాంసం కూడా ఎండబెట్టి పంపుతాను, నీ చేపకు బదులు. ఉప్పు సరిగా వేస్తాను.

ఎవరిని తప్పుపట్టాలని వారం రోజులుగా వసారాలో అటూ ఇటూ తిరుగుతున్నాను. జాబితా నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుందని నీకు తెలుసు. ఒక్కొక్కరినీ కొట్టేస్తూ వచ్చాను. గాలిని కొట్టేశాను. గుండును చేతిలోకి తీసుకోని నాన్నను కొట్టేశాను. కడ్డీలు దాచిన పదహారేళ్ల వాణ్ని క్షమించే హక్కు నాకు లేదు. ఆ పని నువ్వు ఆ గుమ్మంలోనే చేసేశావు, నన్ను అడగకుండా. మాట తప్పిన ఇరవై ఒక్కేళ్ల వాణ్ని కూడా కొట్టేశాను. నేనైనా ఆ కుండ ముందు ఆగి ఉండేవాణ్ని కాదు.

కాని ఒకడు ఉన్నాడు. నేను కోటు పట్టుకుని ఊపుతుంటే, జవాబు నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు. తమ్ముడు మోయలేడని తనే తీర్మానించి, తన పేరు చెడగొట్టుకుని, సముద్రం ఒడ్డుకు పోయి వలలకు సీసం బరువులు కట్టుకుంటూ బతికాడు. నాకు తండ్రి ఒకడే పోయాడు. వాడి మౌనం వల్ల అన్న కూడా పోయాడు, యాభై నాలుగేళ్లు. అది మోయగలిగేవాణ్నో కాదో నన్ను అడిగి చూడాల్సింది. దీనికి మాత్రం క్షమాపణ లేదు. ఉత్తరాల్లో తిట్టి సరిపెట్టుకునేది కూడా కాదు. ఎదురుగా కూర్చుని తిట్టాలి.

మేలో మంచు కరిగాక బస్సు తిరుగుతుంది. కుండ కడిగి బోర్లించాను, అప్పటిదాకా పొయ్యి మీద పెట్టను. గరిటె రెండు చేతులకు చాలినంత పొడుగుంది, రెండూ వణికేవే అయినా. వచ్చి ఆ వసారాలో నిలబడు. అంతవరకు నేను తప్పుపట్టేది ఒక్కణ్నే. వాడి పేరు ఆర్నె ట్వెయిట్.

నీ తమ్ముడు,
హాల్వర్